ఆటపాక గూడబాతులకు ఏ కెమెరా?

ప్రశ్న: మాస్టారూ, నేను టీచరుగా చేసి రిటైరయ్యాను. ఉండేది కైకలూరు. పొద్దున్నే ఆటపాక వైపు నడకకు వెళ్తాను. అక్కడి గూడబాతుల్ని, ఎర్రకాళ్ల కొంగల్ని ఫోన్‌లో తీస్తే ఏది ఏ పక్షో తెలియనంత చిన్నగా వస్తున్నాయి. మా అబ్బాయి సంక్రాంతికి డాలస్ నుంచి వస్తూ కెమెరా తెస్తానంటున్నాడు. ఒకదాని మీద 40ఎక్స్, ఇంకోదాని మీద 60ఎక్స్, మరోదాని మీద 125ఎక్స్ అని ఉందట. భుజం నొప్పి, బరువు మోయలేను. లెన్సులు మార్చే ఓపికా లేదు. ఏది తెమ్మనమంటారు?
– విశ్రాంత ఉపాధ్యాయిని, కైకలూరు

జవాబు: టీచరుగారూ, ముందు ఆ ఎక్స్ సంగతి తేల్చేద్దాం. లెన్సు ఎంత దగ్గరికి లాగుతుందో పాత 35 మి.మీ. ఫిల్ము కెమెరా లెక్కలో మిల్లీమీటర్లలో చెబుతారు. చివరి అంకెను మొదటి అంకెతో భాగిస్తే వచ్చేదే ఎక్స్. లెన్సు 24 మి.మీ. దగ్గర మొదలై 960 దగ్గర ఆగితే 40ఎక్స్. 20 దగ్గర మొదలై 1200 దగ్గర ఆగితే 60ఎక్స్. పక్షి దగ్గరికి మిమ్మల్ని తీసుకెళ్లేది ఆ చివరి మిల్లీమీటర్లే. అబ్బాయిని అవే అడగండి.

మీకు లెక్కలు కొత్త కాదు కాబట్టి ఇదీ చెబుతాను. ఆ ఫిల్ము ఫ్రేము వెడల్పు 36 మి.మీ. ఆ 36ని లెన్సు మిల్లీమీటర్లతో భాగించి, పక్షి ఉన్న దూరంతో గుణించండి. ఫ్రేములో పట్టే వెడల్పు సుమారుగా మీటర్లలో వస్తుంది. గూడు 30 మీటర్ల దూరంలో ఉందనుకోండి. 5ఎక్స్ ఫోన్ అంటే దాదాపు 120 మి.మీ., అందులో 9 మీటర్ల వెడల్పు పడుతుంది. పక్షి ఓ మూలకు పోతుంది. అదే 960లో మీటరు చిల్లర. గూడబాతు ఫ్రేము నిండా వస్తుంది. లకుముకి పిట్ట మాత్రం పావు వంతే ఉంటుంది. దానికి 1200 అయినా చాలదు, మనమే దగ్గరికి వెళ్లాలి.

125ఎక్స్ అన్నది నికాన్ పీ1000 అయ్యుంటుంది. 3000 మి.మీ. వరకు వెళ్తుంది, నిజమే. బరువు 1,415 గ్రాములు. మీ భుజానికి అది వద్దు. బరువు సంగతి పక్కన పెట్టినా, 30 మీటర్ల దూరంలో అది చూపించేది 36 సెంటీమీటర్ల ముక్క. పక్షి ఒక్క అడుగు పక్కకు వేస్తే ఖాళీ నీళ్లే కనిపిస్తాయి.

జేబులో పట్టే 40ఎక్స్ వైపు మీ మనసు లాగుతుందని తెలుసు. కెనాన్ ఎస్‌ఎక్స్740 బరువు 300 గ్రాములే, లెన్సు 960 వరకు వెళ్తుంది. ఊళ్లు తిరగడానికి, గోపురం మీది బొమ్మలు తీయడానికి సంతోషంగా కొనమంటాను. ఆటపాక ఉన్న కొల్లేటికి మాత్రం వద్దంటాను. దానికి కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు. నీటి మీద ఎండ మెరుస్తుంటే వెనక తెర కనిపించదు. పైగా చేతులు చాచి పట్టుకోవాలి. 960 దగ్గర చెయ్యి రవ్వంత కదిలినా పక్షి ఫ్రేము దాటిపోతుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, కెమెరాను కనుబొమకు నొక్కిపెడితే ఆ కదలిక చాలావరకు ఆగుతుంది. అందుకే దూరపు జూమ్‌కి వ్యూఫైండర్ ఉండి తీరాలని ఏలూరులో స్టూడియో నడిపిన రోజుల నుంచీ మొత్తుకుంటున్నాను. దాని కోసం ఇంకో 300 గ్రాములు మోసినా నష్టం లేదు.

కాబట్టి పానసోనిక్ ఎఫ్‌జెడ్80డి తెమ్మనండి. 2024లో వచ్చింది. 20 నుంచి 1200 మి.మీ., మంచి వ్యూఫైండర్, ముప్పావు కేజీ లోపే. కెనాన్ ఎస్‌ఎక్స్70 దొరికినా సరే. అది 1365 వరకు వెళ్తుంది, బరువు 610 గ్రాములు. మెడకు తగిలించుకోకుండా పట్టీని అడ్డంగా వేసుకుంటే నొప్పి తక్కువ. అమెరికాలో కొన్నదానికి ఇక్కడ వారంటీ చెల్లకపోవచ్చు, అబ్బాయిని ముందే కనుక్కోమనండి.

ఇక వెలుగు. ఈ కెమెరాలన్నిటిలో సెన్సర్, అంటే లోపల వెలుగును పట్టి బొమ్మ చేసే పలక, చిన్నది, 6.2 మి.మీ. వెడల్పు కూడా ఉండదు. జూమ్ చివరికి వెళ్లేసరికి లెన్సులోకి వచ్చే వెలుగు మొదట్లో వచ్చినదానిలో సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. పొద్దున్నే మంచులో తీస్తే, తక్కువ వెలుగును పెంచి చూపే ఐఎస్‌ఓ పెరిగి ఈకలన్నీ ముద్దగా అలుక్కుపోతాయి. సోనీ ఆర్‌ఎక్స్10-4లో సెన్సర్ దీనికి నాలుగింతలు. బొమ్మలు ఎంతో బాగుంటాయి, కానీ కేజీ పైనే బరువు, ధర కూడా చాలా ఎక్కువ. మీరు వేళ మార్చుకుంటే చాలు. ఏడు నుంచి తొమ్మిది మధ్య, సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా నిలబడండి. ఆ తర్వాత నీటి మీద వేడిగాలి ఆడుతుంది, ఎంత ఖరీదు కెమెరా అయినా బొమ్మ వణికినట్టే వస్తుంది.

గూట్లో కూర్చున్న పక్షికి షట్టర్ 500 (అంటే సెకనులో 500వ వంతు) పెట్టండి, ఎగిరేదానికి 1600. మెనూలో డిజిటల్ జూమ్‌ను మొదటి రోజే ఆపేయండి, అది బొమ్మను కత్తిరించి పెద్దది చేయడమే. గట్టు మీద బియ్యం పోసి కుట్టిన చిన్న గుడ్డసంచి వేసుకుని దాని మీద లెన్సు ఆనించండి. పడవలో మాత్రం కమ్మీకి ఆనించవద్దు, ఇంజను వణుకంతా కెమెరాకు ఎక్కుతుంది. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు మొదటి రోజు జూమ్ ముట్టనివ్వను. ముందు వెడల్పులో పక్షిని నడిమధ్యకు తెచ్చుకోవడం రావాలి, ఆ తర్వాతే దగ్గరికి లాగడం. మీరూ అలాగే మొదలుపెట్టండి. ఆటపాకలో తీసిన మొదటి గూడబాతు బొమ్మ నాకు పంపండి, చూడాలని ఉంది.

ప్రశ్న: నా ఫోన్‌లో 100ఎక్స్ ఉంది. చంద్రుడు చక్కగా వస్తున్నాడు. ఇంక కెమెరా దేనికి సార్?
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: బాబూ, ఆ 100లో లెన్సు చేసేది కొంతే. మిగతాది బొమ్మను కత్తిరించి పెద్దది చేయడం, సాఫ్ట్‌వేర్‌తో నింపడం. కొన్ని ఫోన్లు చంద్రుణ్ని గుర్తుపట్టి మరీ మెరుగులు దిద్దుతాయి. ఫ్రేము ఎత్తు 24 మి.మీ. అనుకుంటే, లెన్సు మిల్లీమీటర్లను 110తో భాగించినంత చంద్రుడు అందులో కనిపిస్తాడు. 120కి ఒక మి.మీ., 960కి సుమారు 9, 2000కి 18. 960 ఉన్న కెమెరా దొరికితే ఐఎస్‌ఓ 100, షట్టర్ 250 పెట్టి తీసి చూడు. గుంటల అంచుల నీడలు నీకే కనిపిస్తాయి. అష్టమి నాడు తియ్యి, పున్నమి రోజు ఆ నీడలుండవు.

ప్రశ్న: వాడిన సూపర్ జూమ్ కెమెరా కొనాలనుకుంటున్నాను. ఏం చూసుకోవాలి?
– చిరు వ్యాపారి, కాకినాడ

జవాబు: జూమ్ చివరిదాకా పోనిచ్చి వెనక్కి రానివ్వండి. కరకరమంటే లోపల ఇసుక పడ్డట్టే, వదిలేయండి. జూమ్ పూర్తిగా లాగి ఖాళీ ఆకాశాన్ని ఒక ఫోటో తీయండి. అందులో మచ్చలుంటే లోపల దుమ్ము ఉంది, ఈ కెమెరాలు విప్పి శుభ్రం చేయించడం ఖర్చుతో కూడిన పని. మీది సముద్రం ఊరు కాబట్టి టార్చి వేసి లెన్సులోకి చూడండి, సాలెగూడు లాంటి తెల్లటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. బ్యాటరీ ఉబ్బి ఉంటే, ఆ మోడల్‌కి కొత్తది దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే డబ్బు చేతికివ్వండి.