సెస్సు లెక్క ముందు చూడు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నిన్ను జిల్లా గ్రంథాలయ సంస్థ ఛైర్‌పర్సన్‌గా వేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమే, గుబులు కూడా. నవంబరు 14న మొదలయ్యే గ్రంథాలయ వారోత్సవాలకి దండలు, ఫోటోలు ఎలాగూ ఉంటాయి. అంతకుముందే 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం పూర్తిగా చదువు.

సంస్థ తన పేరునే ఆస్తి కొనొచ్చు, దావా వెయ్యొచ్చు. కాబట్టి ఎవరైనా స్థలం ఇస్తానంటే సంస్థ పేర రిజిస్టరు దానపత్రం రాయించు. సర్పంచి పేర తెల్లకాగితం ఒద్దు. దాత పోయాక కొడుకులొచ్చి తాళం వేస్తారు. శాఖా గ్రంథాలయం మూయాలన్నా, చోటు మార్చాలన్నా పౌర గ్రంథాలయాల డైరెక్టర్ అనుమతి ఉండాలి. బడ్జెట్ వేళకి పంపు.

ఇక నా భయమంతా సెస్సు గురించే, అదే, ఇంటి పన్నుతో పాటు కట్టే గ్రంథాలయ పన్ను. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు. 1,500 పన్ను కట్టే ఇల్లు గ్రంథాలయానికి 120 కడుతుంది. పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ ఆ డబ్బు వసూలు చేసి మనకి జమ కట్టాలి, అంతే. రసీదులో గ్రంథాలయ పన్నుకి వేరే గడి ఉంటుంది, డబ్బు మాత్రం పోయి సాధారణ నిధిలో కలుస్తుంది. కరెంటు బిల్లు, పారిశుద్ధ్యం జీతాలు అయ్యేసరికి మార్చికి ఖాతా ఖాళీ. మనవాళ్లేమో మొహమాటపడి "బకాయి చెల్లించగలరు" అని అంకె లేని ఉత్తరం రాస్తారు. దానికి జవాబెవరిస్తారే పిచ్చిదానా?

మూడు నెలలకోసారి ప్రతి పంచాయతీ నుంచీ డీసీబీ, అంటే డిమాండు, వసూలు, బాకీల పట్టిక, తెప్పించు. లెక్కలో జాగ్రత్త. నీటి పన్ను తీసేశాక పన్నూ సెస్సూ కలిపి 10,80,000 వసూలైందనుకో, అందులో అసలు పన్ను 10,00,000, మన వాటా 80,000. మొత్తం మీద ఎనిమిది శాతం కట్టి 86,400 అడిగావో, ఆ తప్పు పట్టుకుని అసలు బాకీ కూడా నానుస్తారు.

పంచాయతీ వాళ్లు చెక్కు ఇచ్చేటప్పుడు అది ఏ ఏటి సెస్సో కాగితం మీద రాయించుకో. ఏ ఏడాదిదో రాయని చెక్కుని గుమాస్తా ఈ ఏటి పద్దులో వేస్తాడు, పాత బాకీ మాట మరుగున పడుతుంది. పంచాయతీ కార్యదర్శి బదిలీ అయితే ఆ పాత ఏళ్ల గురించి అడిగే దిక్కుండదు. అందుకే మార్చి 31కి బాకీ ఇంత అని వాళ్ల సంతకంతో ధ్రువీకరణ తీసుకుని, నకలు జిల్లా పంచాయతీ అధికారికి పంపు. గొడవ పడక్కర్లేదు, కాగితం ఉంటే చాలు.

పండక్కి వచ్చేటప్పుడు మూడేళ్ల డీసీబీ నకళ్లు పట్రా. ఇద్దరం కూర్చుని చూద్దాం. ఆరోగ్యం జాగ్రత్త, తిండి మానకు.