మార్చి చివర్లో న్యూ ఆర్లియన్స్ వెళ్తున్నాం, కేజన్, క్రియోల్ తిండి మనకి పడుతుందా?

ఇంట్లో అందరూ చేపలు, రొయ్యలు తింటారనీ, పంది మాంసం, గొడ్డు మాంసం ముట్టరనీ, మీ అత్తగారు మాత్రం పూర్తి శాకాహారి అనీ రాశారు. నేను న్యూ ఆర్లియన్స్ ఉన్న లూసియానా రాష్ట్రంలోనే, లఫాయెట్‌లో ఎమ్మెస్ చదివి, తర్వాత అక్కడే ఉద్యోగం చేశాను. మొత్తం ఐదేళ్ళు. మాది భీమవరం దగ్గర పల్లె. అక్కడి తిండి చాలా కారం అని అందరూ చెప్తారు కానీ మన నాలుకకి అదేమంత కారం కాదు. మనల్ని కట్టిపడేసేది అక్కడి అన్నం. గంబో అనే చిక్కటి పులుసు, ఎటుఫే అనే రొయ్యల గ్రేవీ కూర, రాజ్మాలాంటి రెడ్ బీన్స్, ఏది వండినా కింద తెల్లన్నం ఉండాల్సిందే. అమెరికాలో ఇంకే ఊళ్ళోనూ నాకు ఆ సుఖం దొరకలేదు.

కేజన్‌కీ క్రియోల్‌కీ తేడా అడిగారు. 1755 నుంచి బ్రిటిష్‌వాళ్ళు అకాడియాలోని, అంటే ఇప్పటి కెనడాలో నోవా స్కోషియా వైపు ఉన్న, ఫ్రెంచి రైతుల్ని వెళ్ళగొట్టారు. వాళ్ళలో కొందరు ఎక్కడెక్కడో తిరిగి లూసియానా చేరారు. అకాడియన్ అన్న మాటే అరిగి కేజన్ అయింది. క్రియోల్ అంటే న్యూ ఆర్లియన్స్‌లో ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికా, కరీబియన్ చేతులు కలిసి పుట్టిన వంట. టమాటా పడితే క్రియోల్, పడకపోతే కేజన్ అని ఒక కొండగుర్తు ఉంది. అందుకే మాంసం, రొయ్యలతో కలిపి వండే అన్నం జంబలాయా నగరంలో ఎర్రగా, లఫాయెట్ వైపు గోధుమరంగులో కనిపిస్తుంది. కొండగుర్తు వరకే అది. లఫాయెట్ చుట్టుపక్కల పల్లెల్లో ఫ్రెంచి మాట్లాడే నల్లజాతి క్రియోల్ కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వంటలు గోడలు కట్టుకుని కూర్చోలేదు.

గంబో తప్పకుండా తినండి. ఆ పేరు బెండకాయది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ మాట అది. ఫ్రెంచిలో ఇప్పటికీ బెండకాయని గొంబో అనే అంటారు. 1719లో లూసియానాకి వచ్చిన మొదటి బానిస ఓడల కెప్టెన్లకి, వరి సాగు తెలిసినవాళ్ళనీ, విత్తన వడ్లనీ తెమ్మని ఆదేశాలుండేవి. ఆ పళ్ళెంలో అన్నం ఎవరి చెమటతో మొదలైందో తెలిసి తింటే మంచిదని నా అభిప్రాయం.

నాకు గంబో నేర్పింది మా పక్కింటి పెద్దావిడ. డెబ్బై దాటిన కేజన్ ఆవిడ. నన్ను ‘షా’ అని పిలిచేది, మనం ‘బంగారం’ అన్నట్టు. మందపాటి ఇనప మూకుట్లో నూనె, మైదా సమానంగా వేసి, సన్నసెగ మీద చెక్క గరిటెతో తిప్పుతూ నిలబడాలి. దాన్ని రూ అంటారు. మొదట బిస్కెట్ రంగు, తర్వాత వేయించిన వేరుశనగపప్పు రంగు, ముప్పావు గంటకి చాక్లెట్ రంగు వస్తుంది. మధ్యలో ఫోన్ మోగినా కదలకూడదు. నల్లచుక్కలు కనిపించాయంటే మాడినట్టే, పారబోసి మళ్ళీ మొదలుపెట్టాలి. నేను రెండుసార్లు పారబోశాను. మూడోసారి సరిగ్గా కుదిరి, ఉల్లిపాయ, క్యాప్సికం, సెలరీ ముక్కలు అందులో పడగానే లేచిన వాసనకి, మా ఇంట్లో తిరగమోత పెట్టినప్పుడు వీధిలోకి వచ్చే ఘుమఘుమ గుర్తొచ్చింది. వాళ్ళ ఇళ్ళలో గంబో గిన్నెలో ఒక గరిటెడు బంగాళదుంప సలాడ్ కూడా వేసుకుంటారు. మొదట వింతగా ఉంటుంది. వేసుకోండి, బాగుంటుంది.

మార్చి చివర అంటే క్రాఫిష్‌కి సరైన సమయం. రొయ్యంత ఒళ్ళు, పీతకున్నట్టు ముందు రెండు పెద్ద కాళ్ళు. దీని కోసమైనా ఒక రోజు న్యూ ఆర్లియన్స్ వదిలి పడమరకి వెళ్ళండి. ఐ-10 రోడ్డు మీద, అచఫలాయా చిత్తడి అడవుల పైన కట్టిన 18 మైళ్ళ వంతెన దాటితే లఫాయెట్ వస్తుంది, కారులో రెండు గంటల పైచిలుకు. ఇంకాస్త ముందుకెళ్తే క్రౌలీ. అక్కడ మొదటిసారి కారు కిటికీలోంచి గట్లూ, కాలవలూ, మడుల్లో నిలిచిన నీళ్ళూ చూసి నా గొంతు పట్టేసింది. అచ్చం మా ఊరు. ఎండాకాలంలో వరి కోసేశాక అక్టోబరు ప్రాంతంలో మళ్ళీ మడికి నీళ్ళు పెడతారు. నేలలో బొరియలు చేసుకుని దాక్కున్న క్రాఫిష్‌లు పిల్లలతో సహా బయటికొస్తాయి. కోసిన దుబ్బులకి వచ్చిన పిలకలు, కుళ్ళుతున్న గడ్డి వాటికి మేత. మన డెల్టాలో చేను ఒకసారి రొయ్యల చెరువైతే మళ్ళీ చేనవడం కష్టం. అక్కడ అదే మడిలో వరి, అదే మడిలో క్రాఫిష్. వీడియో కాల్‌లో మా నాన్నకి చూపిస్తే, నా చదువు సంగతి వదిలేసి గట్టు ఎంత ఎత్తు, నీళ్ళు ఎక్కణ్ణుంచి అని గంటసేపు అడిగారు.

క్రాఫిష్‌ని పెద్ద గుండిగలో కారం, ఉప్పు, నిమ్మకాయలు, బంగాళదుంపలు, మొక్కజొన్న పొత్తులతో ఉడికించి, బల్ల మీద న్యూస్‌పేపర్లు పరిచి కుప్పగా పోస్తారు. చుట్టూ నిలబడి చేత్తో తినడమే. తల, తోక పట్టుకుని మెలితిప్పాలి, తోకలో కండ లాగాలి, తలలో రసం పీల్చాలి. పీతలు తిన్నవాళ్ళకి రెండు నిమిషాల్లో పట్టుబడుతుంది. మనిషికి మూడు నుంచి ఐదు పౌండ్లు చెప్పండి. చేతులు కడుక్కోకుండా కళ్ళు మాత్రం తుడుచుకోవద్దు. బ్రో బ్రిడ్జ్ ఊరిని ప్రపంచ క్రాఫిష్ రాజధాని అంటారు, అక్కడ తినొచ్చు.

ఇప్పుడు జాగ్రత్తలు. మా అమ్మ వచ్చినప్పుడు ఒక శనివారం హోటల్‌కి తీసుకెళ్ళాను. శనివారాలు ఆవిడ నీచు తినదు. రెడ్ బీన్స్ అన్నం చూడ్డానికి రాజ్మాలా ఉందని, అడక్కుండా చెప్పేశాను. రెండు ముద్దలు తిన్నాక హామ్ అనే పంది మాంసం ముక్క తగిలింది. అమ్మ ఏమీ అనకుండా పళ్ళెం పక్కకి జరిపింది. ఆ రోజంతా నాకు మనసు బాగాలేదు. కాబట్టి ప్రతిచోటా మూడు ప్రశ్నలు అడగండి: హామ్ ఉందా, సాసేజ్ ఉందా, ఉడికించిన నీళ్ళు మాంసానివా? చికెన్ గంబోలో కూడా పంది సాసేజ్ పడుతుంది. ఆకుకూరలతో చేసే గంబో జెర్బ్‌లోనూ మాంసం ఉండొచ్చు. బూడాన్ అని దారి పొడవునా పెట్రోల్ బంకుల్లో కూడా అమ్ముతారు. అన్నం, పంది మాంసం, కార్జం కూరిన పేగు అది, మీకు వద్దు. మీరు వెళ్ళేది లెంట్, అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాసాల రోజుల్లో అయితే శుక్రవారం చూసుకోండి. క్యాథలిక్ ప్రాంతం కాబట్టి ఆ శుక్రవారాలు చాలామంది మాంసం మానేస్తారు, చేప, రొయ్యల పళ్ళేలు బాగా దొరుకుతాయి. నగరంలో రొయ్యల పోబాయ్ కూడా తినండి. 1929లో ట్రామ్ కార్మికులు సమ్మె చేస్తే, ఒకప్పుడు ట్రామ్ పని చేసిన మార్టిన్ అన్నదమ్ములు వాళ్ళకి ఉచితంగా పెట్టిన శాండ్‌విచ్ అది.

మీ అత్తగారికి భోజనం కష్టమే, గదిలో చిన్న రైస్ కుక్కర్ ఉంచుకోండి. కానీ కాఫీ దగ్గర ఆవిడ మొహం వెలుగుతుంది. 1862 నాటి కఫే డు మాండ్‌లో ఇచ్చే పాల కాఫీలో ఉండేది చికోరీ, మన ఫిల్టర్ కాఫీ పొడిలో కలిసేదే. అమెరికా అంతర్యుద్ధంలో ఓడరేవు మూసుకుపోయి కాఫీ గింజలు కరువైనప్పుడు ఆ అలవాటు బలపడిందంటారు. దాంతో బెన్యేలు తీసుకోండి. చదరంగా కోసిన పిండి నూనెలో పూరీలా పొంగుతుంది, పైన గుట్టగా పంచదార పొడి. కొరికేటప్పుడు గాలి పీల్చకండి, పొడి గొంతుకి అడ్డం పడుతుంది. ప్రలీన్లు కూడా కొనండి, పెకాన్ పప్పులు వేసిన పాలకోవా అనుకోవచ్చు. లఫాయెట్‌కి దగ్గర్లోనే ఏవరీ ఐలండ్ ఉంది. 1868 నుంచి టబాస్కో అనే కారం సాస్ తయారయ్యే చోటు. పండుమిరపకాయలు ఉప్పుతో నూరి ఓక్ పీపాల్లో మూడేళ్ళదాకా ఊరబెడతారు. మా అమ్మ ఆ పీపాల గదిలో వాసన చూసి, మన పండుమిర్చి పచ్చడి జాడీ తెరిచినట్టుందంది.

శనివారం లఫాయెట్ వైపు ఉంటే సంగీతం వినకుండా రావద్దు. అక్కడి నల్లజాతి క్రియోల్‌ల సంగీతం జైడెకోలో ఒకతను ముడతల రేకుని కవచంలా ఛాతీకి తగిలించుకుని చెంచాలతో గీకుతుంటాడు, పక్కన అకార్డియన్. కేజన్ నాట్యాల రాత్రిని ‘ఫే దో దో’ అంటారు. ఆ మాటకి అర్థం ‘జోజో, పడుకో’ అని. పిల్లల్ని నిద్రపుచ్చి పెద్దవాళ్ళు ఆడేవారట. మా పక్కింటావిడ చిన్నప్పుడు బడిలో ఫ్రెంచి మాట్లాడినందుకు ‘ఇంకెప్పుడూ మాట్లాడను’ అని పలక నిండా రాయించారట. 1921 రాష్ట్ర రాజ్యాంగం బళ్ళలో ఇంగ్లిష్ తప్ప ఇంకే భాషలోనూ బోధించకూడదంది. ఫ్రెంచిని మళ్ళీ నిలబెట్టడానికి ప్రభుత్వమే 1968లో ఒక మండలి పెట్టింది. ఆవిడ తన పిల్లలకి ఆ భాష నేర్పలేదు, వాళ్ళకీ దెబ్బలు పడతాయని. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే బళ్ళో చదివిన నాకు, ఆవిడ చెప్తుంటే తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇంకో మాట వింటారు, ‘లాన్యాప్’. దుకాణంవాళ్ళు కొన్నదానికి పైన ఊరికే ఇచ్చేది. మన కొసరే. అసలు కంటే కొసరు ముద్దు అని నేను ఆవిడకి చెప్తే కాగితం మీద రాసిమ్మని ఫ్రిజ్‌కి అంటించుకుంది.

వచ్చేటప్పుడు రెండు సీసాలు ఫీలే పొడి కొనుక్కోండి. చాక్టా తెగవాళ్ళ దగ్గర నేర్చుకున్న ససాఫ్రాస్ ఆకుల పొడి అది. పొయ్యి దింపాక గంబోలో చల్లితే చిక్కబడుతుంది. మా ఇంట్లో ఇప్పుడు రొయ్యలు, లేత బెండకాయలు వేసి గంబో వండుకుంటున్నాం. నేను తెచ్చిన పొడి పోయిన సంక్రాంతికే అయిపోయింది.