ఈస్ట్‌తో ఎంజైమ్‌లు సరే, ఉద్యోగం మాటేమిటి?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. పాప సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడు). తన తమ్ముడికి సీలియాక్ జబ్బు, గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడదు. అందుకని ఈస్ట్‌లో జన్యువులు మార్చి గ్లూటెన్ లేని ఆహారానికి ఎంజైమ్‌లు చేయడం నేర్చుకుంటానంటోంది. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో సింథటిక్ బయాలజీ బీటెక్ చూసింది. మేం కంప్యూటర్ సైన్స్ అంటున్నాం. ఏది మేలు?

జవాబు: అయ్యా, ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది, కోర్సు పేరే మారుతుంది. రేపు పిల్ల ఖాళీగా కూర్చుంటే నలుగురికీ ఏం చెప్పాలన్నదే కదా మీ దిగులు? శ్రద్ధగా చదివితే కూర్చోదు. ముందు ఆ భయం పక్కన పెట్టండి.

నా అనుమానమల్లా ఆ కోర్సు పేరు మీదే. జన్యువు మార్చే ఉద్యోగాలు తక్కువ, అవీ ఎక్కువగా ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసినవాళ్ళకే. బీటెక్‌తో చేరితే క్వాలిటీ ల్యాబో, ప్రొడక్షన్ షిఫ్టో. అసలు కష్టం ట్యాంకు దగ్గర మొదలవుతుంది. ఫ్లాస్కులో చక్కగా పెరిగిన పికియా ఈస్ట్‌ని వేల లీటర్ల ట్యాంకులో మిథనాల్ మేతగా పోసి పెంచితే వేడెక్కిపోతుంది, ఆక్సిజన్ చాలదు. ఆ తర్వాత ఎంజైమ్‌ని వడకట్టి శుద్ధి చేయాలి. ఇది చేతనైనవాళ్ళకు గిరాకీ ఉంటుంది. బ్రోచర్లో మాత్రం డీఎన్‌ఏ బొమ్మే వేస్తారు.

గ్లూటెన్ లేని తిండినే నమ్ముకోవద్దని కూడా పాపకి చెప్పండి. బియ్యప్పిండి బ్రెడ్ పొడిపొడిగా రాలకుండా, త్వరగా గట్టిపడకుండా ఎంజైమ్‌లు సాయపడతాయి, నిజమే. గ్లూటెన్‌ని ముక్కలు చేసేవీ ఉన్నాయి. అంతమాత్రాన అవి కలిపిన గోధుమ రొట్టె తమ్ముడికి పెట్టకూడదు. గ్లూటెన్ లేనిదనాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. పైగా ఇడ్లీ, రాగిముద్ద తినే మన వైపు ఈ సరుకు ఎంత అమ్ముడవుతుంది చెప్పండి?

ఈస్ట్ నేర్చుకుంటే మాత్రం వృథా పోదు. బయోకాన్ 1978లో ఈ ఊళ్ళోనే ఎంజైమ్‌లతో మొదలైంది. 2004లో అదే కంపెనీ తెచ్చిన ఇన్సులిన్‌ని తయారుచేసింది పికియా ఈస్టే. ఇవాళ బ్రెడ్ ఎంజైమ్ మీద నేర్చిన పని రేపు మందుల కంపెనీలో పనికొస్తుంది. కాబట్టి మామూలు బయోటెక్నాలజీయో కెమికల్ ఇంజనీరింగో చదివి, పైన ఎమ్మెస్సీయో ఎంటెక్కో చేయడం మేలు. మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో ఫుడ్ టెక్నాలజీ ఎమ్మెస్సీ కూడా చూడండి.

కంప్యూటర్ సైన్స్‌లో మొదటి జీతం ఎక్కువే ఉండొచ్చు, కాదనను. కానీ మీ ఉత్తరంలో పాపకి కోడింగ్ ఇష్టమో కాదో ఒక్క ముక్క లేదు. తమ్ముడి కోసం పిల్ల ఒక దారి వెతుక్కుంటే, దాన్ని చూడకుండా పక్క ఫ్లాట్ అబ్బాయి ప్యాకేజీ లెక్కేస్తున్నారేమో, మీరే ఆలోచించండి.

ఫీజు కట్టేముందు ఆ యూనివర్సిటీకి వెళ్ళి, ఫెర్మెంటర్, అంటే ఈస్ట్ పెంచే ట్యాంకు, ఎన్ని లీటర్లది, పిల్లలు ఆఖరిసారి ఎప్పుడు నడిపారు అని అడగండి. పాపనీ తీసుకెళ్ళండి. అడిగేది తనే అయితే మరీ మంచిది.