బాణం వదిలాక: ఒక యువ రచయిత్రికి లేఖ

విస్కాన్సిన్, అమెరికా,
అక్టోబరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వేట కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిలు పట్టుకుని. ఇక్కడికి వచ్చిన మన పిల్లలు ఆఫీసు, వీసా, ఒంటరితనం దాటి అడవి అంచున కూర్చుని కథ రాయడం చాలా అరుదు. అందుకే నీ కథ మీద నాకు ఆశ ఎక్కువ, ఈ ఉత్తరం కూడా పొడవు ఎక్కువ.

ముందు మాటల సంగతి. నీ వేటగాడు గుడారంలో నిలబడి బాణం వేస్తే "ధనుష్టంకారం అడవంతా మారుమోగింది" అని రాశావు. ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మనకు విల్లు గురించి తెలిసిన మాటలన్నీ పురాణాల్లోంచి, హరికథల్లోంచి వచ్చినవే. విల్లు అనగానే మన చెవుల్లో టంకారం మోగుతుంది. కానీ తెల్లతోక జింక కోసం పొంచి ఉన్న మనిషికి ఆ చప్పుడే శత్రువు. దాన్ని అణచడానికే వింటినారికి రబ్బరు పోగులు కట్టుకుంటాడు. లెక్క వేసి చూడు. జింక ఇరవై గజాల దూరంలో, అంటే 60 అడుగుల్లో ఉంది. కప్పీలున్న కాంపౌండ్ విల్లు నుంచి బాణం సెకనుకు సుమారు 280 అడుగులు పోతుంది. శబ్దం 1,100 అడుగులు పోతుంది. బాణం సగం దారిలో కూడా లేనప్పుడే చప్పుడు జింక చెవిన పడుతుంది. పరుగందుకోవడానికి ముందు అది కాళ్లు మడిచి ఒళ్లు కిందికి దించుతుంది. బాణం వీపు మీదుగా పోతుంది. అడవంతా మోగే టంకారంతో నీ వేటగాడు జింకను కొట్టడు, తరిమేస్తాడు.

గుడారం అన్న మాట కూడా తీసెయ్యి. గుడారం పడుకోవడానికి. చెట్టు మీద కట్టుకునేదాన్ని మంచె అంటాం, నేల మీద దాక్కుని కనిపెట్టే చోటును మాటు అంటాం. గ్రౌండ్ బ్లైండ్ అని ఒక్కసారి చెప్పి, ఆ తర్వాత మాటు అనే రాయి. ఇంత మంచి మాట చేతిలో ఉంచుకుని వాడకపోవడం అన్యాయం.

మాటులో ఎవరూ నిలబడరు. కిర్రుమనని కుర్చీ ఒకటి, కింద ఎండుటాకులు తుడిచేసిన నేల, చుట్టూ లోపలి వైపు నల్లటి బట్ట. అందుకే లోపలి మనిషి ఆకుల బొమ్మల చొక్కా కాకుండా నల్ల చొక్కా వేసుకుంటాడు. వెనక కిటికీలు మూసి ఉంచుతాడు. లేకపోతే వెనక వెలుగులో అతని ఆకారం తెర మీద తోలుబొమ్మలా కనిపిస్తుంది. చాలామంది మాటును వారాల ముందే నిలబెట్టి, చుట్టూ కొమ్మలు గుచ్చుతారు. నిన్న లేని నల్లటి ముద్ద ఇవాళ పొలం గట్టున కనిపిస్తే జింక అటు రాదు. నీ కథలో ఎర్ర జాకెట్టు చూసి జింక బెదిరింది. దాని కంటికి ఎరుపు, నారింజ రంగులు ప్రత్యేకంగా కనబడవు, నీలం బాగా కనబడుతుంది. దాన్ని బెదరగొట్టాలంటే గాలిని తిప్పు. మనిషి వాసన ఒక్కసారి సోకితే చాలు.

కిటికీ గురించి ఒకటి చెప్పాలి, ఎందుకంటే అది ఊహకు అందేది కాదు. నా మొదటి ఏడు ఒక ఆడ జింక పదిహేను గజాల్లో అడ్డంగా నిలబడింది. స్పష్టంగా చూశాను, గురి కుదిరింది, వదిలాను. బాణం కిటికీ కింది అంచు బట్ట చీల్చుకుని పది అడుగుల అవతల మట్టిలో దిగింది. కంటి చూపు పోయే దారి పైన ఉంటుంది, బాణం పోయే దారి దానికి నాలుగైదు అంగుళాలు కింద ఉంటుంది. చూపు కిటికీ దాటింది, బాణం దాటలేదు. ఇలాంటివి నీ కథలో రెండు ఉంటే చాలు, పాఠకుడు నిన్ను నమ్మి నీ పక్కన వచ్చి కూర్చుంటాడు.

ఇక అసలు విషయం. జింక కూలిపోవడంతో నీ కథ ముగిసింది. నిజానికి అక్కడే మొదలవ్వాలి.

తూటాలాగా బాణం కుదిపి పడేయదు. రక్తం పోయి జింక చనిపోతుంది, అదీ చాలాసార్లు కంటికి దూరంగా వెళ్లాక. అందుకే బాణం వదిలినవాడు కదలకుండా కూర్చోవాలి. నురగతో లేత ఎరుపు రక్తం ఉంటే ఊపిరితిత్తులకు తగిలిందని అర్థం, అరగంట ఆగి వెతకవచ్చు. ముదురు ఎరుపైతే కాలేయం, కొన్ని గంటలు ఆగాలి. పచ్చటి మరక, దుర్వాసన ఉంటే పొట్టకు తగిలింది, తెల్లవార్లూ ఆగాలి. తొందరపడి వెంటబడితే ఆ గాయంతోనే అది లేచి మైళ్లు పోతుంది, ఎవరికీ దొరకకుండా చస్తుంది.

ఎనిమిదేళ్ల కిందట ఒక సాయంత్రం నా బాణం మీద ముదురు రక్తం, దాని పక్కన పచ్చటి మరక కనిపించాయి. ఇంటికి వచ్చేశాను. అన్నం సయించలేదు. మీ పిన్ని ఏమీ అడగలేదు. అర్ధరాత్రి దాటాక కొయోటీల అరుపులు వినిపించాయి. కొయోటీ అంటే తోడేలుకూ నక్కకూ నడుమ ఉండే ఇక్కడి జంతువు. అది అరిచినప్పుడల్లా లేచి కూర్చున్నాను. తెల్లవారాక పొరుగాయనతో వెళ్లాను. రక్తపు చుక్క కనిపించిన ప్రతి చోటా ఒక తెల్ల కాగితం ముక్క పెడుతూ నడిచాం. మధ్యలో జాడ పోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఆ కాగితాలన్నీ కలిసి అది వాగు వైపు వెళ్లిందని చూపించాయి. వాగు ఒడ్డున కాళ్లు ముడుచుకుని పడుకున్నట్టే ఉంది. వెంట్రుకల మీద మంచు పేరుకుంది. ఒక తొడ కొయోటీలు తినేశాయి. కళ్లు తెరిచే ఉన్నాయి.

ఆ రాత్రి గురించి ఇంతవరకూ నేను రాయలేకపోయాను. నువ్వు రాయగలవేమో.

నీ వేటగాడు నాలుగో పేజీలో చేసిన ఉపన్యాసం కొట్టేశాను. అతను చెప్పినవి అబద్ధాలు కావు. ఇక్కడ తుపాకుల మీద వసూలయ్యే పన్నును 1937 చట్టం వన్యప్రాణులకు కేటాయించింది, 1972 చట్టంతో అలాంటి పన్ను విల్లంబులకూ వచ్చింది. ఆ డబ్బులో ఎక్కువ భాగం వన్యప్రాణుల కోసమే వెళుతుంది. కానీ కథలో అది వకాలతులా ఉంది. దాని బదులు వరంగల్ నుంచి అతని తల్లి ఫోను చేయనీ. అదే 1972లో మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. జింక తెలంగాణకు రాష్ట్ర జంతువు, దాన్ని చంపితే జైలు. "ఏం తిన్నావు నాయనా?" అని ఆమె అడుగుతుంది. అప్పటికి ఫ్రీజర్‌లో మాంసం ఉంది, వండడానికి లేదు. జింకలను క్షీణింపజేసి చంపే జబ్బు ఇక్కడ విస్కాన్సిన్‌లో 2002లో బయటపడింది. అప్పటి నుంచి చాలామంది నమూనా పరీక్షకు పంపి, ఫలితం వచ్చాకే పొయ్యి వెలిగిస్తారు. ఆ తల్లికి కొడుకు ఏమని జవాబిస్తాడో రాయి.

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు మా ఇంటికి రా. విల్లు తీసుకెళ్లం, ఊరికే కూర్చుందాం. నల్ల చొక్కా, రెండు జతల ఉన్ని మేజోళ్లు తెచ్చుకో. సెంటు పూసుకోకు. కాఫీ తాగి రాకు, మూడు గంటలపాటు బయటికి రావడం కుదరదు. పదింటికి తిరిగొస్తే మీ పిన్ని పెసరట్లు వేస్తానంది. కథ ప్రతి కూడా వెంట తీసుకురా.

నీ బాబాయి