నెబ్రాస్కాలో మొక్కజొన్న చేలు తప్ప ఇంకేమైనా ఉందా?

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, ఒమాహా నగరంలో ఉద్యోగం వచ్చింది, ఆ రాష్ట్రంలో చూడటానికి ఏమీ లేదంటున్నారు, నిజమేనా అని అడిగారు. అలా అనేవాళ్లు చాలావరకు ఐ-80 రహదారి మీద ఆగకుండా దాటిపోయినవాళ్లే. ఆ దారి ప్లాట్ నది లోయ వెంట సాగుతుంది. నేల చదునుగా ఉందనే పశ్చిమాన ఒరెగాన్‌కు వెళ్లే వలసదారుల ఎడ్లబండ్లు, 1860లలో యూనియన్ పసిఫిక్ రైలు పట్టాలు, ఆ తర్వాత ఈ రహదారీ ఆ లోయనే పట్టుకున్నాయి. దాన్ని చూసి రాష్ట్రమంతా అంతే అనుకుంటే ఎలా?

నేను అక్కడ ఉద్యోగం చేసినప్పుడు వీలు దొరికితే ఉత్తరాన శాండ్‌హిల్స్‌కు పోయేవాణ్ణి. దాదాపు 19,000 చదరపు మైళ్ల ఇసుక దిబ్బలు, వాటిని కప్పేసిన గడ్డి. అడుగున ఓగలాలా భూగర్భ జలం ఉంది. దిబ్బల మధ్య పల్లాల్లో అదే మడుగులుగా పైకి తేలుతుంది.

ప్రముఖులంటే అందరూ వారెన్ బఫెట్ పేరే చెబుతారు. అధ్యక్షుడైన గెరాల్డ్ ఫోర్డ్, నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ కూడా ఒమాహాలోనే పుట్టారు, కానీ పసితనంలోనే వెళ్లిపోయారు. నన్నడిగితే ముందు తెలుసుకోవలసింది అక్కడి మూలవాసులైన పోంకా తెగ నాయకుడు స్టాండింగ్ బేర్ గురించి. 1877లో ప్రభుత్వం ఆ తెగను నయోబ్రారా నది ఒడ్డు నుంచి ఇప్పటి ఓక్లహోమాకు తరలించింది. అక్కడ కొడుకు చనిపోయాడు. సొంత గడ్డలోనే పాతిపెట్టాలన్నది ఆ కుర్రవాడి చివరి కోరిక. 1879 జనవరిలో, గడ్డకట్టే చలిలో, స్టాండింగ్ బేర్ ఆ కొడుకు అస్థికలతో ఉత్తరానికి బయలుదేరాడు. అనుమతి లేకుండా వచ్చాడని సైన్యం పట్టుకుని ఫోర్ట్ ఒమాహాలో ఉంచింది. పట్టుకున్న జనరల్ క్రూకే లోలోపల అతని పక్షం! విషయం పత్రికలకెక్కింది, కోర్టుకు చేరింది. చట్టం దృష్టిలో ఇండియన్ (అంటే అమెరికా మూలవాసి) కూడా మనిషేనని ఆ మే నెలలో న్యాయమూర్తి డండీ తీర్పు చెప్పాడు. ఆ మాట కోర్టు చెప్పవలసి వచ్చిందంటేనే ఆ కాలం ఎలాంటిదో చూడండి. క్రూక్ ఉన్న ఇటుక మేడ ఇప్పుడు మ్యూజియం; తప్పక చూడండి.

రాజధాని లింకన్. 1937 నుంచి రాష్ట్రానికి శాసనసభ ఒక్కటే, రెండో సభ లేదు; ఇప్పుడు 49 మంది సభ్యులు, బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. అమెరికాలో మరే రాష్ట్రానికీ ఈ ఏర్పాటు లేదు. మండలిని ఒకసారి రద్దు చేసి మళ్లీ తెచ్చుకున్న ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఇది కాస్త ఆసక్తిగానే ఉంటుంది.

మార్చిలో కార్నీ వైపు వెళ్లండి. లక్షలాది శాండ్‌హిల్ కొంగలు రాత్రిళ్లు ప్లాట్ నదిలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పగలు చేలల్లో రాలిన మొక్కజొన్న గింజలు ఏరుకుంటాయి. వాటిని చూడాలంటే తెల్లవారకముందే, వాటికి కనబడకుండా చెక్క గదిలో కూర్చోవాలి, ఫోను వెలుగు కూడా పడకూడదు. వాటి అరుపులకు పక్కవాళ్ల మాట వినపడదు. చేతి తొడుగులు మరచిపోవద్దు. శాండ్‌హిల్స్‌కు వెళ్లేటప్పుడు మాత్రం పెట్రోలు నిండా పోయించుకోండి. అక్కడ ఊళ్లు దూరదూరంగా ఉంటాయి, చాలాచోట్ల సిగ్నల్ అందదు.