దెబ్బ తగిలిన గర్భిణికి ఎక్స్‌రే తీయించవచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయికి ఏడో నెల. మొన్న ఆదివారం అల్లుడు, అమ్మాయి, మూడేళ్ల మనవడు బండి మీద సింహాచలం వెళ్లి వస్తుంటే గోపాలపట్నం దగ్గర ఇసుకలో బండి జారింది. అమ్మాయికి మణికట్టు వాచింది. ముందు కూర్చున్న మనవడికి హ్యాండిల్ కడుపులో తగిలింది, నుదురు బొప్పి కట్టింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే అంటే కడుపులో బిడ్డకి ప్రమాదమని మా వియ్యపురాలు వద్దన్నారు. రక్తం పోలేదు, బిడ్డ కదులుతోంది కదా అని ఇంటికి తెచ్చేశాం. ఇలాంటప్పుడు ముందు తల్లిని చూడాలా, బిడ్డనా?
– ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చూసిన రోజే పత్రిక వాళ్లతో మీకు ఫోన్ చేయించాను. ఆ సాయంత్రమే ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్లారని తెలిసి నా ప్రాణం కుదుటపడింది. మిగతా ఇళ్లకు కూడా పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

చేతికి ఎక్స్‌రే తీస్తే గర్భసంచి దాకా చేరే కిరణాలు లెక్కలోకి రావు. తల్లి ప్రాణం మీదికి వచ్చినప్పుడు కడుపుకి సీటీ స్కాన్ తీయాల్సి వచ్చినా ఆలస్యం చెయ్యకూడదు. 50 మిల్లీగ్రేల (ఒంటికి తగిలే కిరణాల కొలత) లోపు మోతాదుతో బిడ్డకి అవకరాలు పెరుగుతాయన్న ఆధారం లేదు, మామూలుగా ఒక స్కాన్ ఆ లోపే ఉంటుంది. మీ వియ్యపురాలిది ప్రేమే, కాదనను. కానీ ఆ భయంతో ఆగిపోయిన పరీక్షే తల్లీబిడ్డలకు ఎక్కువ చేటు.

రక్తం కనబడలేదన్న ధీమా నాకు మరీ భయం. గర్భసంచి సాగుతుంది, దానికి అతుక్కుని బిడ్డను పోషించే మాయ సాగదు. పడ్డప్పుడు ఆ అదురుకి మాయ అంచు ఊడితే రక్తం దాని వెనకే గూడు కట్టుకుని, చుక్క కూడా బయటికి రాకపోవచ్చు. పొట్ట గట్టిపడటం, వచ్చిపోయే నొప్పులు, నడుంనొప్పి, బిడ్డ కదలిక తగ్గటం దీని గుర్తులు. ఉమ్మనీరు కారినా ప్రమాదమే. చిన్న దెబ్బకే ఇలా కావచ్చు. అందుకే ఆరో నెల దాటిన గర్భిణి పడితే, బాగానే ఉన్నా కనీసం 4 గంటలు ఆసుపత్రిలో ఉంచి బిడ్డ గుండె చప్పుడు గ్రాఫ్ తీయాలి. నొప్పులో, రక్తస్రావమో ఉంటే 24 గంటలు. తల్లి రక్తం గ్రూపు నెగటివ్ అయితే, బిడ్డ రక్తానికి ఎదురు తిరిగే గుణం ఆమె ఒంట్లో పుట్టకుండా 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. ఇది మీరే గుర్తుచేసి అడగండి.

ఇక మీరడిగిన ప్రశ్న. ముందు తల్లినే చూడాలి. క్యాజువాలిటీలో నేను తల్లి చేతికి సెలైన్ సూది గుచ్చుతుంటే, పక్కన నిలబడ్డ వాళ్లు “డాక్టరమ్మా, ముందు బిడ్డ గుండె చూడండి” అని చెయ్యి పట్టుకునేవారు. ఆ సూదే బిడ్డకి కూడా వైద్యం. నెలలు నిండే కొద్దీ ఆడదాని ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది. అందుకని లీటరు పైన పోయినా నాడి, బీపీ బాగున్నట్టే కనిపిస్తాయి. ఈలోగా శరీరం తన్ను తాను కాపాడుకోవటానికి గర్భసంచికి వెళ్లే రక్తాన్ని తగ్గించేస్తుంది. తల్లి ముఖం పాలిపోయేసరికి బిడ్డ అప్పటికే అల్లాడుతుంటుంది.

రోడ్డు మీద మీరు చెయ్యగలిగింది ఒకటుంది. అయిదో నెల దాటిన మనిషిని వెల్లకిలా పడుకోబెట్టకండి. గర్భసంచి బరువు పెద్ద సిర మీద పడి గుండెకు రక్తం చేరదు. ఎడమవైపుకి తిప్పండి. మెడకో వెన్నుకో దెబ్బ ఉందన్న అనుమానం ఉంటే ఒంటిని మెలితిప్పకుండా, పడుకోబెట్టిన బల్లతో సహా ఎడమవైపు ఒరిగేలా బల్ల కుడి అంచు కింద మడిచిన దుప్పటి పెట్టండి. 108కి ఫోన్ చేసినప్పుడు గర్భిణి అని, ఎన్నో నెల అని చెప్పండి. ప్రసవాలు మాత్రమే చేసే నర్సింగ్‌హోమ్‌కి పరుగెత్తకండి. సర్జను, గైనకాలజిస్టు, స్కాన్, బ్లడ్ బ్యాంకు ఒకే ఆవరణలో ఉన్నచోటికి వెళ్లాలి. మన విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) అలాంటిది.

మనవడి విషయంలో నాకు బొప్పి కన్నా హ్యాండిల్ దెబ్బ మీదే దిగులు. పైన చిన్న గీత కూడా లేకుండా లోపల ప్లీహం, క్లోమం చితికి, కడుపునొప్పి, వాంతులు మర్నాడు మొదలవ్వచ్చు. పిల్లల పక్కటెముకలు మెత్తన, తేలిగ్గా విరగవు, ఆ దెబ్బంతా ఊపిరితిత్తులకే తగులుతుంది. పైగా పద్నాలుగు కిలోల పిల్లాడి ఒంట్లో ఉండే రక్తం లీటరుకి కాస్త పైన, అంతే. అందులో నాలుగో వంతు పోయినా బీపీ పడదు, పడిందంటే ఒక్కసారిగా పడుతుంది. కాబట్టి చేతులు, కాళ్లు చల్లబడ్డాయేమో, నాడి దడదడలాడుతోందేమో చూడండి. వేలి కొసని అయిదు సెకన్లు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. పదే పదే వాంతి, లేపినా మత్తు, ఫిట్స్, చెవిలోంచి నీరు, వీటిలో ఏ ఒక్కటి కనబడినా నోటికేమీ పెట్టకుండా బయల్దేరండి. ఒంటికి దుప్పటి కప్పండి, పిల్లలు త్వరగా చల్లబడతారు. పడుకోబెట్టేటప్పుడు భుజాల కింద మడిచిన తువ్వాలు పెట్టండి. పిల్లల తల పెద్దది, లేకపోతే మెడ ముందుకు వంగిపోతుంది.

అల్లుడి గారికి ఒక మాట చెప్పండి. 2023 ఫిబ్రవరి నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకి బండి మీద నడిపేవారికి కలిపి కట్టే సేఫ్టీ బెల్టు, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్ తప్పనిసరి. వేగం 40 కిలోమీటర్లు మించకూడదు.

ప్రశ్న: మా పక్కింటి అమ్మాయికి అయిదో నెల. ఒంటి మీద తరచూ కమిలిన మచ్చలు, అడిగితే బాత్రూంలో జారానంటుంది. మేం కలగజేసుకోవచ్చా?
– మధురవాడ

జవాబు: తప్పకుండా. ఎవరూ లేనప్పుడు నిదానంగా అడగండి, ఆమె మాట నమ్మండి. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లి, భర్తనీ అత్తగారినీ బయట కూర్చోబెట్టి ఒంటరిగా చూడమని నర్సుతో చెప్పండి. మహిళల హెల్ప్‌లైన్ 181కి పక్కింటివాళ్లు కూడా ఫోన్ చెయ్యొచ్చు. కొడుతుండగా అరుపులు వినబడితే మాత్రం వెంటనే పోలీసు సాయానికి 112కి.