టెక్ సందేహాలు: రింగ్ లైట్ కొనే ముందు కిటికీ తెరవండి

ప్రశ్న: ఇంట్లో మా ఆవిడకి మంచి ఫోటోలు తీద్దామంటే కుదరడం లేదు. కిటికీ దగ్గర నిలబెడితే ముఖం నల్లగా వస్తోంది, హాల్లో లైట్లు వేస్తే పసుపు కొట్టేస్తోంది. ఫోన్‌లో 50 మెగాపిక్సెల్ కెమెరా ఉంది. రింగ్ లైట్ కొనాలా, డీఎస్ఎల్ఆరే తీసుకోవాలా? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

రెండూ వద్దండీ. మీరు ఆవిడని కిటికీకి వీపు పెట్టించి తీస్తున్నారని నా అనుమానం. వెనక అంత వెలుతురుంటే ఫోన్ దాన్ని అదుపు చేయడానికి ఎక్స్‌పోజర్ (ఫోటోలోకి తీసుకునే వెలుతురు) తగ్గించేస్తుంది, ఆ దెబ్బకి ముఖం చీకట్లో కలిసిపోతుంది. కిటికీకి రెండు మూడడుగుల దూరంలో కుర్చీ వేసి, ఆవిడ ముఖాన్ని సగం కిటికీ వైపు తిప్పమని, మీరు కిటికీ పక్క గోడకి ఆనుకుని తీయండి. కుర్చీ గది మధ్యకి జరిపితే మాత్రం వెలుతురు గబగబా పడిపోతుంది.

ముందు గదిలో లైట్లన్నీ ఆపేయండి. వెలుతురు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం. పగటి వెలుతురు సుమారు 5,500 కెల్విన్ అయితే పసుపు బల్బు 2,700 నుంచి 3,000 దాకా ఉంటుంది, పాపం ఫోన్ రెండిటినీ ఒకేసారి సర్దలేక ఒక బుగ్గ నీలంగా, ఇంకో బుగ్గ పసుపుగా ఇస్తుంది.

ఎండ నేరుగా పడుతుంటే కిటికీ ఊచల నీడలు ముఖం మీద చారలు కడతాయి. ఉతికిన తెల్ల పంచె ఒకటి క్లిప్పులతో కిటికీకి తగిలించండి, చాలు. ఉత్తరం కిటికీ ఉంటే ఆ బాధ కూడా ఉండదు, కాకపోతే మన దగ్గర మే, జూన్, జూలై నెలల్లో సూర్యుడు కాస్త ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి అప్పుడు పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ పడొచ్చు. ముఖానికి రెండో వైపు మరీ నీడగా ఉంటే అటు థర్మకోల్ షీటో తెల్ల దుప్పటో పట్టుకోమని పిల్లల్ని బతిమాలుకోండి.

గోడ రంగు సంగతి ఎవరూ చెప్పరు. మా పడగ్గదికి ముచ్చటపడి పిస్తా రంగు వేయించాం. ఆ గోడ పక్కన కూర్చోబెట్టి తీసిన ఫోటో చూసి మా ఆవిడ "నాకేమైనా కామెర్లొచ్చాయా?" అంది. గోడకి తగిలిన వెలుతురు ఆ రంగు పూసుకుని ముఖం మీద పడుతుంది మరి! అప్పటి నుంచి తెల్ల గోడ ఉన్న వరండాలోనే తీస్తున్నా.

ఇక ఫోన్. లెన్స్ మీద వేలిముద్రల జిడ్డు తుడవండి, సగం మసక అక్కడే పోతుంది. మామూలు 1ఎక్స్ లెన్స్ వెడల్పుగా చూస్తుంది కాబట్టి ముఖం నిండా రావాలంటే మీరు బాగా దగ్గరికి వెళ్లాలి, అప్పుడు ముక్కు పెద్దదవుతుంది. నాలుగడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ పెట్టండి. ముఖం మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్ లాక్ అవుతుంది, ఆపైన వెలుతురు స్లైడర్ కొంచెం కిందికి లాగండి. బ్యూటీ మోడ్ తీసేయండి. చామనఛాయ మనిషిని పౌడర్ డబ్బాలో ముంచినట్టు చేసే ఆ ఫిల్టర్ అంటే నాకు ఒళ్లు మంట.

పోర్ట్రెయిట్ మోడ్ వాడొచ్చు గానీ తీశాక పెద్దది చేసి చూడండి. జడలో మల్లెపూల అంచులు, చెవి బుట్టాల వేలాడే ముత్యాలు బ్యాక్‌గ్రౌండ్ అనుకుని ఫోన్ మసకేసి ఉంటుంది. అలా అయితే ఎడిట్‌లో ఎఫ్ సంఖ్యని 1.4 నుంచి 4కో 5.6కో పెంచండి, బ్లర్ తగ్గుతుంది.

ప్రశ్న: ఫోన్‌లో బాగున్న ఫోటో వాట్సాప్‌లో అత్తగారికి పంపితే మసకగా కనిపిస్తోందట. ఎందుకు?

వాట్సాప్ సైజు తగ్గించి పంపుతుంది. పంపేటప్పుడు హెచ్‌డీ నొక్కండి, అదీ చాలకపోతే డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫైలే వెళ్తుంది. కాకపోతే కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోటో ఎక్కడ తీశారో కూడా దాంతోపాటే వెళ్తుంది. అత్తగారికైతే పర్లేదు, ఊళ్లో వాళ్లందరూ ఉన్న గ్రూపులో పెట్టేటప్పుడు మాత్రం చూసుకోండి.